రంధ్రం ఎక్కడ కొట్టాలి

జుగ్దిదిలో వాన పడితే
మా ఆఫీసులో అందరికంటే ముందు
బురద వచ్చి టోకెన్ తీసుకుంటుంది.
ఆ రోజు నూట పన్నెండో నంబరు
గుమ్మంలోనే ఆగి బూట్లు దులుపుకున్నాడు,
ఎవరింటికో చుట్టంచూపుగా వచ్చినట్టు.

ఏడో కౌంటర్ నాది.
పెళ్ళయి పేరు మారినవాళ్ళు,
విడిపోయి వెనక్కి మార్చుకునేవాళ్ళు,
ఒక్క పొల్లు తప్పుపడి పోలీసుకు చిక్కినవాళ్ళు
ఈ అద్దం కన్నం దగ్గర వంగుతారు.
కన్నం ఎందుకో కాస్త కిందికి పెట్టారు.
రోజంతా నాకెవరో దణ్ణం పెడుతున్నట్టే ఉంటుంది.

ఒటియా షొనియా. తెల్ల నివా కారు.
కార్డులో తెల్లన, బయట నీలం.
ఇంజన్ రెండుసార్లు మారింది,
ఎడమ తలుపు ఎవరి బండిదో ఆయనకే గుర్తులేదు.
"ఇవన్నీ మార్చాలి" అన్నాను.
"మార్చమ్మా" అన్నాడు,
కూరలో ఉప్పు తక్కువైందంటే వెయ్యమన్నట్టు.

గుర్తింపు కార్డు కూడా కొత్తదే కావాలి.
పేరు అదే, పుట్టిన తేదీ అదే.
వేలిముద్రని మాత్రం యంత్రం ఒప్పుకోలేదు.
అక్రోటు కాయల పచ్చి తొక్క ఒలిచిన నలుపు
మూడు వారాలైనా వేళ్ళని వదల్లేదట.
తడిగుడ్డ ఇచ్చాను. తుడిచాడు. మళ్ళీ పెట్టాడు.
నాలుగోసారి పచ్చదీపం వెలిగితే
ఇద్దరం పరీక్ష పాసైనట్టు నవ్వుకున్నాం.

చిరునామా దగ్గర ఆగాం.

ఒచమ్చిరె, నారింజ వీధి, పద్నాలుగు.
ఎంగురి నదికి ఆవలి వైపు.
తొంభైమూడులో ఈ నివాలోనే
తల్లినీ, కుట్టుమిషన్నీ, రెండు కోళ్ళనీ వేసుకుని
వంతెన దాటాడు.
ఆ తర్వాత ఆ వీధికి ఆయనా వెళ్ళలేదు,
ఆయన జరిమానా కాగితాలూ వెళ్ళలేదు.
నా స్క్రీన్ మీద వరసగా ఉన్నాయి:
అతివేగం, చేరలేదు.
పార్కింగ్, చేరలేదు.
మళ్ళీ అతివేగం.
ఆ బండికా! అనబోయి మింగేశాను.

ఇప్పుడు ప్రభుత్వం ఫ్లాటు ఇచ్చింది.
ఐదో అంతస్తు. లిఫ్టు ఉంది, నడిచిన రోజుల్లో.
కొత్త చిరునామా రాయించకపోతే
కింద బండి నిలపనివ్వరు.
"పాతది పక్కన రాయొచ్చా, చిన్నక్షరాల్లో?"
గడి ఒక్కటేనండీ.
"వెనకవైపు?"
వెనక ఇంజన్ నంబరుంటుంది.
వాన వైపు చాలాసేపు చూశాడు.
"ఇంటిపేరు ఉంచుతారు కదా?"
ఉంచుతాం అన్నాను.
మారేది ఇల్లేగా.

కొట్టేశాను.
పద్నాలుగు మీద యాభైరెండు వచ్చి కూర్చుంది,
బస్సులో సీటు దొరికినదానిలా,
పక్కకి చూడకుండా.

పాత కార్డుకి రంధ్రం కొట్టి ఇవ్వాలి, అది నియమం.
అలవాటుగా పంచ్‌ని మధ్యకి పెట్టాను.
మధ్యలో ఉండేది చిరునామాయే.
కన్నంలోంచి ఆ నల్లటి వేళ్ళు లోపలికొచ్చాయి,
నా చేతిని తాకలేదు, దగ్గరగా ఆగాయి.
"అక్కడ వద్దు. ఫోటో మీద కొట్టు."
ముఖం పోతుందండీ.
"ముఖం నా దగ్గరుందిలే."

చెవి దగ్గర కొట్టాను.
అంతకంటే పక్కకి పంచ్ పోలేదు.

బయట నివా కదలనంది.
కాపలావాడూ, నూట పదమూడో నంబరూ,
తన పిల్లని ఒక చంకన పెట్టుకున్న నూట పద్నాలుగూ
దాన్ని వానలో తోశారు.
మూల మలుపు దాకా అది దగ్గుతూ వెళ్ళడం
అద్దంలోంచి విన్నాను.

సాయంత్రం పంచ్ డబ్బా బుట్టలో ఒంపబోయి
మొదటిసారి లోపలికి చూశాను.
బియ్యపు గింజలంత చుక్కలు.
ఒకదాని మీద సగం ఆరు,
ఒకదాని మీద ఏదో వీధి తోక,
ఊరి పేరులో నడిమి అక్షరం.
తొమ్మిదేళ్ళుగా రోజూ ఊడ్పించిన చెత్త.

చెవి కోసం చాలాసేపు వెతికాను.
దొరికింది, మరెవరిదో కావచ్చు.